మిర్యాలగూడలో డైనోసార్ దొరకదు, కానీ...

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు శిలాజాలు వెతకాలని సుత్తి పట్టుకుని బయలుదేరే కుర్రాళ్లకు ముందుగా ఒక చేదుమాట చెప్పక తప్పదు. ఇక్కడ డైనోసార్ దొరకదు. గుట్టలన్నీ తవ్విపోసినా దొరకదు. అదృష్టం లేక కాదు, రాళ్ల వయసు వల్ల.

సూర్యాపేట, కోదాడ పరిసరాల్లో కనిపించే పరుపుబండలు, గుట్టలు చాలావరకు గ్రానైటు, దానికి చుట్టాలైన రాళ్లు. సుమారు 250 కోట్ల ఏళ్లనాటివి. భూమి లోపలి వేడిలో కాగి గడ్డకట్టిన రాయిలో బొక్కలు, గవ్వలు ఉండే వీలే లేదు. బురదో ఇసుకో నీటి అడుగున పొరలుపొరలుగా పేరుకుని రాయిగా మారిన చోటే శిలాజాలు నిలుస్తాయి.

అలాంటి రాయి కూడా ఈ ప్రాంతంలో ఉంది. దక్షిణాన కృష్ణ ఒడ్డుకు దిగితే మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి మీదుగా సున్నపురాయి పట్టీ సాగుతుంది. సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా వెలిసింది దీనికోసమే. నది దాటితే పల్నాడులోనూ ఇదే రాయి, కర్నూలు జిల్లాలోనూ ఇదే కుటుంబం. ఒకనాటి సముద్రపు అడుగు ఇది. ఆశ పుట్టడం సహజం. కానీ గట్టి పెంకులు, గుల్లలున్న జీవులు భూమ్మీద విరివిగా కనిపించడం మొదలై సుమారు 54 కోట్ల ఏళ్లే. ఈ సున్నపురాయి అంతకంటే పాతది. కచ్చితంగా ఎంత పాతదన్న వాదన శాస్త్రజ్ఞుల్లో ఇంకా నడుస్తూనే ఉంది.

అప్పట్లో జీవం లేదని కాదు, కంటికి ఆనేంత లేదు. ఇదే కుటుంబానికి చెందిన అవుకు షేల్ రాయిలో స్ప్రింగులా మెలితిరిగిన ఒబ్రుచెవెల్లా అనే సూక్ష్మజీవి జాడ దొరికింది. చూడాలంటే మైక్రోస్కోపు కావాలి. కంటితో చూడాలనుకునేవాళ్లు కడప జిల్లా వేంపల్లె వైపు వెళ్లాలి. అక్కడి రాళ్లలో స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. సూక్ష్మజీవుల పలచని పొరలు ఒకదానిమీద ఒకటి పేరుకుని గుమ్మటాల్లా గట్టిపడినవి. ఆస్ట్రేలియాలోని షార్క్ బే తీరంలో ఈనాటికీ ఇలాంటివి పెరుగుతున్నాయి.

కొత్తవాళ్లు మోసపోయేది నాపరాయి దగ్గర. బండను పొర విడదీస్తే లోపల నల్లటి ఫెర్న్ ఆకు అచ్చుగుద్దినట్టు కనిపించవచ్చు. కాడ, కొమ్మ, రెమ్మ అన్నీ ఉంటాయి. అది మొక్క కాదు. రాతి పగుళ్లలోకి ఇంకిన నీటితో వచ్చిన మాంగనీసు ఆక్సైడు చెట్టు ఆకారంలో పేరుకున్న మరక. దాన్ని డెండ్రైట్ అంటారు. భూతద్దం పెట్టి చూస్తే ఆకుకు ఉండాల్సిన ఈనెలు కనిపించవు. ఆకు అంచు ఎక్కడ ముగిసిందో తేలదు. బండను అడ్డంగా పగలగొడితే సన్నని నల్లగీత తప్ప ఏమీ మిగలదు. దీన్ని చూసి శిలాజమని ఫొటోలు తీసి పంచేవాళ్లకు కొదవ లేదు.

నిజానికి ఈ ఊళ్లలో చాలామంది శిలాజాన్ని చిన్నప్పుడే చూసి ఉంటారు, దేవుడి గూట్లో. సాలగ్రామాల్లో చక్రం కనిపించేది అమ్మోనైట్ అనే సముద్ర జీవి గుల్ల జాడ. నేపాల్ గండకీ నదిలో కొట్టుకొచ్చే ఆ రాళ్లు జురాసిక్ కాలం నాటివి.

వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ మరో దారి చూపిస్తుంది. అది పుట్టేది వికారాబాద్ అనంతగిరి కొండల్లో. అదే జిల్లాలో నస్కల్ అనే ఊరుంది. దక్కన్ లావా ప్రవాహాలు వచ్చి, ఆగి, మళ్లీ వచ్చే మధ్యకాలంలో అక్కడ నీటి మడుగుల్లో మట్టి పేరుకుంది. అందులో దొరికిన చిన్నచిన్న పళ్లను పరిశీలించి జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ‘నేచర్’ పత్రికలో ఒక సంగతి ప్రకటించారు: డైనోసార్ల యుగం చివరి దశైన క్రెటేషియస్ కాలానికి చెందిన క్షీరదం భారతదేశంలో దొరకడం అదే మొదలు. దాని పేరు దక్కనోలెస్టిస్ హిస్లోపి.

ఆ పళ్లు బియ్యపుగింజ కన్నా చిన్నవి. నేలమీద వంగి వెతికితే అలాంటివి కంటబడవు. ఇలాంటి చోట్ల సుత్తి కంటే జల్లెడే మేలు. తెచ్చిన మట్టిని కరకరలాడేలా ఎండబెట్టాలి. తడి మిగిలితే పని చెడుతుంది. ఎండిన గడ్డల్ని కిరోసిన్‌లో నాననిచ్చి, కిరోసిన్ వంపేసి నీళ్లు పోస్తే అవి వాటంతటవే విచ్చిపోతాయి. అప్పుడు సన్నకంత జల్లెడను నీటిలో ముంచి మెల్లగా ఆడిస్తే బురద దిగిపోతుంది. మిగిలిన నలుసుల్ని ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద, తడిపిన కుంచె మొనతో ఒక్కొక్కటే ఏరాలి. గంటల తరబడి చూసినా చాలాసార్లు ఇసుకరేణువులే మిగులుతాయి. ఓపిక లేనివాళ్లకు ఇది అచ్చిరాదు.

పెద్ద ముక్క దొరికితే అది బొక్కా, రాయా అన్న అనుమానానికి పాతకాలపు పరీక్ష ఒకటుంది. సన్నటి రంధ్రాలుండే శిలాజపు ఎముక నాలుక కొనకు అంటుకుంటుంది, మామూలు రాయి జారిపోతుంది. మేకల మంద తిరిగే చోట ఈ పరీక్షకు ముందు ఒకసారి ఆలోచించుకోవడం మంచిది.

ఆ క్షీరదం పేరులోని హిస్లోప్ వృత్తిరీత్యా భూగర్భ శాస్త్రవేత్త కాదు, నాగపూర్‌లో పనిచేసిన స్కాట్లండ్ మిషనరీ. 1863లో వాగు దాటుతూ మునిగి చనిపోయేదాకా తీరికవేళల్లో రాళ్లు ఏరుతూనే ఉన్నాడు. ఆయన సేకరణ నేటికీ పనికొస్తోందంటే, ఏ రాయి ఎక్కడిదో, ఏ పొరలోదో రాసిపెట్టడం వల్లే. చిరునామా పోయిన శిలాజం షోకేసుకు తప్ప దేనికీ కొరగాదు. కాబట్టి కదిలించకముందే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. జీపీఎస్ అంకెలు, పొర రంగు, పైనా కిందా ఏ రాయి ఉందో నోటుబుక్కులో ఎక్కించాలి. సంచిలో చీటీ వేసి, అదే నంబరు సంచి మీదా రాయాలి. పెళుసు ఎముకకు తడి కాగితం చుట్టి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనెగుడ్డ కట్టు వేస్తారు. ఇది మాత్రం తెలిసినవాళ్ల చేతిమీదుగా జరగాల్సిన పని.

ఈ శ్రద్ధవల్లే ప్రాణహిత, గోదావరి లోయ పల్లెల పేర్లు ప్రపంచ గ్రంథాలకెక్కాయి. యామన్‌పల్లి పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అనే డైనోసార్ పేరులో, రేచిని పేరు రేచ్నీసారస్ అనే ప్రాచీన జీవి పేరులో ఉన్నాయి. జక్లపల్లిసారస్ సంగతి చెప్పనక్కర్లేదు. కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది.

ఇంటినుంచి కదలకముందు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ‘భూకోశ్’ పోర్టల్‌లో మ్యాపు చూసుకుంటే సగం ప్రయాణాలు తప్పుతాయి. అడవిలోంచి రాయి తీసుకురావడం నేరం కావచ్చు. క్వారీలో యాజమాన్యం అనుమతి, పేలుళ్ల వేళలు తెలియకుండా అడుగుపెట్టకూడదు. శిలాజాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లు ప్రకటించింది కూడా.

అయితే ఇక్కడ ఎముకలు దొరకవన్న మాటకు సున్నపురాతి పట్టీలో ఒక మినహాయింపు ఉంది. రాయి పాతదే గానీ, నీరు కరిగించిన గుహలు, నెర్రెలు కొత్తవి. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల మట్టిలో జంతువుల ఎముకలున్నాయని మద్రాసు సైన్యాధికారి న్యూబోల్డ్ 1844లోనే రాశాడు. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వారు. ఆ ఎముకల్లో ఒక ఖడ్గమృగానిదీ ఉంది. దానికి శిలాజ శాస్త్రవేత్త లిడెకర్ కర్నూలు పేరే పెట్టాడు. మేళ్లచెరువు, వాడపల్లి క్వారీ గోడల్లో సున్నపురాయి నడుమ నెర్రె నిండా ఎర్రమన్ను కనిపిస్తే చూపు నిలపాల్సింది అక్కడే. అందులో పన్నో ఎముకో మెరిస్తే గునపం వేయకుండా, ఫొటో, కొలతలు తీసుకుని హైదరాబాద్ బండ్లగూడలోని సర్వేక్షణ కార్యాలయానికి కబురు పంపాలి.