గూడ్సు బండి ఎందుకు ఆగింది?

సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు రైలు కిటికీలోంచి ఈ దృశ్యం చూసే ఉంటారు. స్టేషన్‌లో పక్క పట్టాల మీద బొగ్గు నింపిన గూడ్సు బండి ఆగి ఉంటుంది. మన ఎక్స్‌ప్రెస్ దాన్ని దాటి వెళ్లిపోతుంది. అది మాత్రం కదలదు.

చాలా మార్గాల్లో ప్రయాణికుల బండ్లూ, గూడ్సు బండ్లూ ఒకే పట్టాల మీద నడుస్తాయి. ఎక్స్‌ప్రెస్ వస్తుంటే గూడ్సు పక్కకు తప్పుకోవాలి. అలా తప్పుకొనే పట్టాలను లూప్ లైను అంటారు.

ఆగితే నష్టమేంటి? ఒక చిన్న లెక్క చేద్దాం. వ్యాగన్‌లో సరుకు ఎక్కించి, గమ్యంలో దించి, మళ్లీ సరుకు ఎక్కించే దాకా 6 రోజులు పట్టిందనుకోండి. 30 రోజుల్లో ఆ వ్యాగన్ 5 సార్లు పనికొస్తుంది. అదే 5 రోజుల్లో అయిపోతే? 6 సార్లు! కొత్త వ్యాగన్ ఒక్కటి కూడా కొనక్కర్లేదు. అందుకే దారిలో ఆగే గంటలనే కాదు, సరుకు ఎక్కించే, దించే గంటలను కూడా తగ్గించాలి.

2021 అక్టోబరులో దేశంలో థర్మల్ విద్యుత్ కేంద్రాలకు బొగ్గు కొరత వచ్చింది. ఖాళీ వ్యాగన్లు గనులకు తొందరగా చేరితేనే కదా, బొగ్గు బయలుదేరేది! అప్పుడు దక్షిణ మధ్య రైల్వే మూడు గూడ్సు బండ్లను కలిపి ఒకే బండిగా నడిపింది. దాని పేరు త్రిశూల్. 177 వ్యాగన్లతో అది విజయవాడ దగ్గరి కొండపల్లి నుంచి ఒడిశాలోని ఖుర్దా డివిజన్‌కు వెళ్లింది. గరుడ అనే మరో పొడవాటి బండి రాయచూరు నుంచి మణుగూరుకు వెళ్లింది. మూడు బండ్లకు మూడుసార్లు దారి ఇచ్చే బదులు, ఒక్కసారి ఇస్తే సరిపోయింది.

మరి రోజూ అన్ని బండ్లనూ అలాగే నడపొచ్చు కదా? కుదరదు. లూప్ లైన్లు మామూలుగా ఒక బండికి సరిపడేంతే ఉంటాయి. త్రిశూల్ లాంటి బండి పక్కకు తప్పుకోలేదు. దారంతా ముందే ఖాళీగా ఉంచాలి.

సరుకు పంపేవాళ్లకు వేగం ఒక్కటే చాలదు. "రేపు పొద్దున్నకల్లా వచ్చేస్తానండీ" అని లారీ డ్రైవరు ఫోన్లో చెప్తాడు. రైలు ఎప్పుడొస్తుందో తెలియకపోతే వ్యాపారి లారీనే పిలుస్తాడు. టన్ను సరుకుకు రైలు తక్కువ ఇంధనం వాడుతుంది, నిజమే. కానీ చెప్పిన వేళకు రావాలి కదా!

ఆలోచించండి: మీరు ఉండే దేశంలో సరుకు ఎక్కువగా రైల్లో వెళ్తుందా, లారీలోనా? ఎందుకో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, నాలుగు వాక్యాలు రాయండి.