అమెరికాలో ప్రొబేషన్, పెరోల్.. తేడా ఏంటి?

మన దగ్గర పెరోల్ అంటే సాధారణంగా కొద్ది రోజుల సెలవు. గడువు తీరగానే ఖైదీ తిరిగి జైలుకు వెళ్లాలి. అమెరికాలో అలా కాదు. కొంత శిక్ష అనుభవించాక మిగతా కాలాన్ని షరతులతో బయట గడపడమే అక్కడ పెరోల్. జైలుకు బదులు కోర్టు విధించే పర్యవేక్షణ ప్రొబేషన్.

రాష్ట్రాల నిబంధనలు వేర్వేరు. ఫెడరల్ కేసుల్లో మాత్రం 1987 నవంబరు 1 నుంచి జరిగిన నేరాలకు పెరోల్ లేదు. సత్ప్రవర్తనకు ఏడాదికి గరిష్ఠంగా 54 రోజులు తగ్గుతాయి. విడుదలయ్యాకా చాలామంది కోర్టు చెప్పినంత కాలం ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉండాలి.

అసలు చిక్కు ఇక్కడే. కొత్తగా ఏ నేరమూ చేయకపోయినా, అధికారి ముందు హాజరు కాకపోతేనో, అనుమతి లేకుండా పరిధి దాటితేనో మళ్లీ జైలుకు పంపొచ్చు. కాబట్టి మీవాళ్లెవరైనా పర్యవేక్షణలో ఉంటే షరతుల పత్రం ముందే పూర్తిగా చదవమనండి.