తప్పు మిషనుది కాదు, బిగించిన చోటుది

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మా తూరుపు తీరంలో ఇంజను బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. సేపల్ని సూపించే సోనార్ మిషను పెట్టించుకోవాలనుకునేవోళ్లు ఈ రెండు నెల్లలోనే పెట్టిస్తారు. నేనూ అలాగే అప్పు సేసి మా ఫైబర్ బోటుకి పెట్టించాను.

బోటు ఆగినప్పుడు లోతు బాగానే సూపించేది. ఇంజను వేగం పెంచితే తెరంతా ముగ్గుపిండి జల్లినట్టయిపోయేది. ఓ రోజు ఆ గీతల్ని నమ్మి వల ఏసినాను. రాళ్లకి తగులుకుని సగం వల చిరిగిపోయింది. మిషను దండగని ఇంట్లో పడీసినాను. తప్పెక్కడుందో తెలిసేసరికి ఏడాది పట్టింది.

బోటు అడుగున బిగించే ట్రాన్స్‌డ్యూసరే ఆ మిషనుకి గొంతూ, సెవీ. కిందికి శబ్దం పంపి, నేలకి తగిలి తిరిగొచ్చినదాన్ని వింటుంది. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది. 30 మీటర్ల లోతుకెళ్లి రావడానికి సెకనులో 25వ వంతు చాలు. ఆ టైమును బట్టే లోతు లెక్క కడుతుంది. అయితే ఆ శబ్దానికి గాలి అడ్డొస్తే దాటలేదు, వెనక్కి తిరుగుద్ది. చాలా సేపలు మనకి కనపడేదీ అందుకే, వాటి కడుపులో గాలితిత్తి ఉంటుంది. అదే గాలి నురగై ట్రాన్స్‌డ్యూసర్ కిందకి చేరితే సేపా కనపడదు, నేలా కనపడదు.

నాకు బిగించినోడు ఇంజను ఫ్యానుకి జానెడు దూరంలోనే పెట్టీసినాడు. కనీసం 15 అంగుళాలుండాలి, మూరెడైతే ఇంకా మేలు. బోటు అడుగున గట్లున్న చోట వాటి వెనకాల పెట్టకూడదు, అక్కడా నురగే. మూతి నేలకి సూటిగా సూడాలి. దాని వైరుని ఇంజను వైర్లతో కలిపి కట్టొద్దు. పొడుగెక్కువైతే కొయ్యకుండా చుట్టి పెట్టాలి.

అసలు భయం కన్నాలతో. వెనక పలకలో ఫైబరు మధ్య చెక్క ఉంటే, ఒక్క కన్నంలోంచి ఉప్పునీరు దిగినా లోపల్లోపల కుళ్లిపోద్ది. అందుకే స్క్రూ తిప్పేముందు కన్నం నిండా నీళ్లకి ఆగే సీలెంటు పెట్టాలి. ముందు ఓ చిన్న పలక బిగించి, దానికి ట్రాన్స్‌డ్యూసర్ పెట్టుకుంటే, తర్వాత చోటు మార్చినా బోటుకి కొత్త కన్నం పడదు.

అమ్మేవోళ్లకి ఒక్క మాట. ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టి ఎల్లిపోకండి. ఇవన్నీ తెలుగులో ఒక్క కాయితం మీద రాసివ్వండి. బోటు నీళ్లలోకి దింపి, వేగంగా నడిపి, తెర సూపించాకే డబ్బు తీసుకోండి. చిరిగిన వలకి వడ్డీ కట్టేది మేమే కదా.