బొమ్మ కప్పకు కొర్రమీను ఎందుకు చిక్కుతుంది?

గాలానికి వానపామును గుచ్చి చేపలు పట్టడం మనమందరం ఎరిగినదే. కాని తినడానికి పనికిరాని రబ్బరు కప్పమీదికి చేప నోరు తెరచుకొని దూకడం వింతగా తోచవచ్చును. ఇందులో చేప తెలివితక్కువతనమేమీ లేదు. దాని శరీర నిర్మాణమూ, అది నివసించే నీరూ ఇందుకు కారణాలు.

అమెరికాలో లోతు తక్కువగా ఉన్న మడుగులలో బాస్ అనే చేపను ఇట్టి కృత్రిమపు ఎరలతో పట్టుతారు. నందిగామ, పాలేటి ఒడ్డున జగ్గయ్యపేట గల మెట్టసీమలో, వాననీటితో నిండే కుంటలలో, ఆ స్థానం కొర్రమీనుది. ఈ సీమ 2022 వరకు కృష్ణాజిల్లాలో ఉండి, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. బాస్‌కూ కొర్రమీనుకూ దగ్గర బంధుత్వం లేదు. నాచులో పొంచి ఉండి, దరికి వచ్చిన జీవిమీద పడే స్వభావం మాత్రం రెండింటిదీ ఒకటే.

లోతులేని నీరు ఎండకు త్వరగా కాగుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరగి ఉండగల ఆమ్లజని తగ్గిపోతుంది. లీటరు మంచినీటిలో 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే కరగి ఉండగలదు. లీటరు గాలిలోనో, దాదాపు 270 మిల్లీగ్రాములు ఉన్నది! కొర్రమీనుకు మొప్పలపైన గాలిని పీల్చుకొనే ప్రత్యేకమైన గదులున్నవి. అందువల్ల అది తరచు నీటిమట్టానికి వచ్చి గాలి మింగుతుంది. పైకి రానీయకపోతే చేప అయికూడా ఊపిరాడక చనిపోతుంది!

మరి బురదనీటిలో ఎర దానికి ఎట్లా తెలుస్తుంది? చేపల పక్కలను పార్శ్వరేఖ అనే జ్ఞానేంద్రియం ఉన్నది. నీటి కదలికలను అది గ్రహిస్తుంది. బొమ్మ కప్పను ఆగి ఆగి లాగినపుడు పుట్టే అలలు నిజమైన కప్ప ఈదినట్లే ఉంటవి. గాలపు ముళ్ళు పైకి తిరిగి బొమ్మ వీపుకు ఆని ఉండడంచేత నాచుకు తగులుకొనవు. చేప కరవగానే మెత్తని రబ్బరు నొక్కుకొనిపోయి ముళ్ళు బయటపడతవి.

ఆకలి లేనపుడుకూడా కొర్రమీను ఎరను కరవవచ్చును. వానకాలంలో అది నాచుమధ్య చోటు చేసుకొని, నీటిపై తేలే గ్రుడ్లు పెడుతుంది. ఎర్రని పిల్లలు గుంపుగా తిరుగుతుంటే పెద్దచేప, ముఖ్యంగా మగది, క్రిందనే ఉండి కాపలా కాస్తుంది. అప్పుడు దగ్గరకు వచ్చిన బొమ్మ దానికి ఆహారం కాదు, శత్రువు. ఆ చేపను పట్టుకుంటే కాపులేని పిల్లలు ఇతర జీవులకు ఆహారమైపోతవి. ఒక్క చేపకోసం కుంటలో రాబోయే చేపలను పోగొట్టుకొన్నట్లే గదా!

ఉపాధ్యాయులు విద్యార్థులను గట్టుమీద కూర్చుండబెట్టి, కొర్రమీను ఎన్ని నిమిషాలకొకసారి పైకి వస్తున్నదో ఉదయమూ, మధ్యాహ్నమూ లెక్కింపజేయవచ్చును. దీనికి గడియారం, ఓర్పు చాలును, గాలంతో పనిలేదు. పిల్లల గుంపు కనబడిన చోట గాలం వేయరాదని ఎందుకంటారో వారికే బోధపడుతుంది.