డీఈఎస్

డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే మందు సంక్షిప్త నామం. 1938లో ఇంగ్లండ్‌లో చార్లెస్ డాడ్స్ బృందం తయారుచేసిన కృత్రిమ ఈస్ట్రోజెన్ ఇది. గర్భస్రావాన్ని ఆపుతుందన్న నమ్మకంతో అమెరికాలో గర్భిణులకు దశాబ్దాల పాటు ఇచ్చారు. ఆ తల్లుల కూతుళ్లలో కొందరికి చిన్న వయసులోనే అరుదైన యోని క్యాన్సర్ వస్తోందని 1971లో బోస్టన్ వైద్యులు బయటపెట్టారు.

ఇంత ఆలస్యంగా బయటపడే ప్రభావం ఒంట్లో ఎలా నిలిచి ఉంటుందో చిట్టెలుకలపై చేసిన ప్రయోగాలు కొంత చూపాయి. చిట్టెలుక గర్భాశయంలో లాక్టోఫెరిన్ అనే ప్రొటీన్ తయారీకి మామూలుగా ఈస్ట్రోజెన్ ప్రేరణ కావాలి. పుట్టిన తొలి రోజుల్లో డీఈఎస్ ఇచ్చిన వాటిలో మాత్రం, పెద్దయ్యాక ఈస్ట్రోజెన్‌ను ఇచ్చే అండాశయాలు తీసేసినా ఆ తయారీ ఆగలేదు. డీఎన్ఏ అక్షరక్రమం మారలేదు; ఆ ప్రొటీన్ జన్యువును అదుపు చేసే చోట డీఎన్ఏపై ఉండే కొన్ని మిథైల్ గుర్తులు (రసాయన ముద్రలు) చెరిగిపోయాయి. అవయవాలు రూపుదిద్దుకునే దశలో తగిలిన హార్మోన్ దెబ్బ జీవితాంతం ఉండిపోవచ్చు. అందుకే గర్భిణికిచ్చే ప్రతి మందునూ కడుపులోని బిడ్డ కోసం కూడా పరీక్షించి తీరాలి.