పోలీసు బూట్లు, ఒలింపిక్ గోల్స్

తిరుపతిలో సాయంత్రం పూట పిల్లలు ఆడుకునే ఏ ఖాళీ స్థలం దగ్గర ఆగినా మెస్సీ పేరున్న చొక్కా ఒకటైనా కంటపడుతుంది. ఆ పిల్లవాణ్ణి తులసీదాస్ బలరాం ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తాడు. తప్పు వాడిది కాదు, వాడికి ఎవరూ చెప్పలేదు.

బలరాం 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. తల్లిదండ్రులు తమిళులు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకొకటి. తమిళ సరిహద్దున ఉన్న నగరి, పుత్తూరు వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి వదిలేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేవాడి చేత ఆటకు పనికొచ్చేలా మార్పించుకున్నాడు. ఆ కుర్రాడు కోచ్ ఎస్.ఎ. రహీం కంట్లో పడ్డాడు. అమ్ముగూడ నుంచి ప్రాక్టీసుకు రావడానికి సైకిలు అద్దె డబ్బులు కూడా రహీమే ఇచ్చేవారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన మన ఫుట్‌బాల్ జట్టులో బలరాం ఉన్నారు. 1960లో రోమ్‌లో భారత్ మొత్తం మూడు గోల్స్ చేసింది. ఫ్రాన్స్ మీద పి.కె. బెనర్జీ కొట్టింది ఒకటి. హంగరీ మీద, పెరూ మీద వచ్చిన మిగతా రెండూ బలరాంవే! 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం. అంతకు ముందు ఏడాదే ఆయన కెప్టెన్‌గా ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగ్ గెలిచింది.

చునీ గోస్వామి, పి.కె., బలరాం. ఆనాటి ఫుట్‌బాల్ అభిమానులు ఈ మూడు పేర్లూ ఒక్క ఊపిరిలో పలికేవారు. మరి మూడో పేరు ఎందుకు వెనకబడింది?

చునీ ఆసాంతం మోహన్ బగాన్‌లోనే ఆడారు, బెంగాల్ రంజీ క్రికెట్ జట్టుకూ నాయకత్వం వహించారు. పి.కె. ఆట మానేశాక దశాబ్దాల పాటు కోచ్‌గా జనం కళ్ల ముందే ఉన్నారు. బలరాంకు ఆ అవకాశం రాలేదు. ఊపిరితిత్తుల జబ్బుతో 1963లో, దాదాపు 27 ఏళ్లకే, పెద్ద పోటీల నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఇంకో కారణం కూడా ఉంది, అదే ఎక్కువ బాధ పెడుతుంది. పుట్టిన ఊరు ఆయన్ను కలకత్తా ఆటగాడనుకుంది. కలకత్తాకేమో తన గడ్డ మీద పుట్టిన హీరోలు ఉండనే ఉన్నారు. చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు అర్జున అవార్డు వచ్చింది గానీ, పద్మ పురస్కారం ఏదీ రాలేదు. రోమ్‌లో ఆ రెండు గోల్స్ కొట్టిన మనిషికి ఇది అన్యాయమే.

హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో ఉంటూ వచ్చిన ఆయన 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. రహీం జీవితం మీద అజయ్ దేవగన్ నటించిన ‘మైదాన్’ 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. అందులో బలరాం పాత్ర కూడా ఉంది. దాన్ని థియేటర్లో చూసేందుకు ఆయన లేరు.