పక్క వీధి కచేరీలో ఏం వినాలి?

కచేరీకి రమ్మంటే చాలామంది చెప్పే మాట ఒకటే: "మాకు సంగీతం రాదండీ." రాకపోయినా హాయిగా వినొచ్చు. వేదిక మీద ఏ క్షణాన ఏం జరుగుతోందో కొద్దిగా తెలిస్తే చాలు. ఆ కొద్దిపాటి ఎరుక సంపాదించుకోవడానికి పేరున్న విద్వాంసుల పెద్ద కచేరీల కన్నా మన ఊరి గానసభలు, సంగీత కళాశాలల్లో విద్యార్థులు చేసే కచేరీలే మంచి చోటని నా గట్టి నమ్మకం. అదెలాగో చెప్పాలంటే ముందు కచేరీ ఎలా సాగుతుందో చూడాలి.

ఇవాళ మనం వింటున్న కర్ణాటక కచేరీ వరస మరీ పాతదేం కాదు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అరియకుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) దాన్ని ఒక దారిలో పెట్టారంటారు. మొదట వర్ణం. గొంతు, వేళ్లు, శ్రుతి అన్నీ దానితో కుదురుకుంటాయి. తర్వాత వినాయకుడి మీద ఒక కృతి, తరచు నాట రాగంలోనో హంసధ్వనిలోనో. ఆ పైన నడక చురుకైన ఒకటి రెండు కృతులు, ఒక చిన్న రాగాలాపన. అప్పుడు ఆ సాయంత్రానికి ప్రధానమైన కృతి వస్తుంది. కల్యాణి, తోడి, శంకరాభరణం, ఖరహరప్రియ వంటి పెద్ద రాగాలు ఎక్కువగా ఇక్కడే వినిపిస్తాయి. రెండు గంటల కచేరీలో ఈ ఒక్క కృతికే అరగంటకు పైగా పట్టవచ్చు. దాని తర్వాత మృదంగం వంతు. చివర తుక్కడాలు: పదం, జావళి, అన్నమయ్య కీర్తన, తిల్లానా. మంగళంతో ముగింపు.

ప్రధాన కృతి దగ్గర కాస్త ఆగుదాం. కొత్త శ్రోత తడబడేది ఇక్కడే. కచేరీలో వినిపించేదంతా రెండు రకాలు. ఒకటి, గురువు దగ్గర నేర్చుకుని యథాతథంగా పాడేది: కృతి సాహిత్యం, దాని వరస, సంగతులు. రెండోది, అప్పటికప్పుడు పుట్టేది. దీన్ని మనోధర్మం అంటారు. వింటున్నది ఈ రెండింటిలో ఏదో పోల్చుకోగలిగితే కచేరీ సగం అర్థమైనట్టే.

ముందు రాగాలాపన. మాటలుండవు, తాళముండదు. గాయని కింది స్వరాల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పై స్థాయికి వెళ్లి మళ్లీ దిగుతుంది. ఏ స్వరం మీద ఎక్కువసేపు నిలుస్తోందో గమనించండి. రాగం స్వభావం చాలావరకు అక్కడే తెలుస్తుంది. వయొలిన్ ఆమె వెనకే నడిచి, ఆమె ఆపాక తన వంతు తీసుకుంటుంది. తర్వాత కృతి. ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ కొద్ది కొద్ది మార్పులతో పాడుతుంటే అవి సంగతులు. ఇవి నేర్చుకున్నవే. కృతి మధ్యలో సాహిత్యంలోని ఒక వాక్యాన్ని పట్టుకుని, మాటలు తాళంలో తమ చోటు తప్పకుండానే రాగాన్ని రకరకాలుగా మార్చి పాడితే అది నెరవు. అది మనోధర్మం. దాని వెంట స్వరకల్పన వస్తుంది. సరిగమలతోనే అల్లుతూ వెళ్లి, కృతిలోని వాక్యం మొదలయ్యే చోటికి, అంటే ఎత్తుగడకు, సరిగ్గా వచ్చి కలవాలి.

ఆ కలయికను ఆనందించాలంటే తాళం వేయడం రావాలి. రాగాలను గుర్తుపట్టడం కన్నా ముందు దీన్నే నేర్చుకోమంటాను. ఎక్కువగా వినిపించేది ఆదితాళం, ఎనిమిది అక్షరాలు. తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. ఆ పైన దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. అంతే. చాలా కృతులు దెబ్బతో పాటు మొదలు కావు, కాస్త ఆగి ఎత్తుకుంటాయి. స్వరకల్పనలో పాడేవాళ్లు ఎంత దూరం వెళ్లినా ఆ ఆగిన చోటికే రావాలి. మీ చేయి తాళం వేస్తుండగా వాళ్లు అక్కడికి వచ్చి వాలితే, ఎవరూ చెప్పకుండానే మీ నోట "భళా" వస్తుంది.

స్వరకల్పన పూర్తయ్యాక వచ్చే తని ఆవర్తనంలో మృదంగం ఒంటరిగా, ఘటమో కంజీరో ఉంటే వాటితో వంతులు పంచుకుంటూ వాయిస్తుంది. ఈ వేళకి హాలులో సగంమంది లేచి కాఫీకి వెళ్లిపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. గంటన్నరసేపు ఇతరుల కోసం వాయించిన మనిషికి ఇదొక్కటే సొంత సమయం. తాళం వేస్తూ కూర్చోండి. వంతులు ఎనిమిది అక్షరాల నుంచి నాలుగుకు, రెండుకు కుదించుకుంటూ వచ్చి, చివరికి అందరూ కలిసి ఒకే ముక్తాయింపును మూడుసార్లు వాయించి ఎత్తుగడకు చేరతారు. గాయని వెంటనే కృతిని అందుకుంటుంది.

ఇదంతా నేర్చుకోవడానికి విద్యార్థి కచేరీ ఎందుకు మేలంటే, అక్కడ నేర్చుకున్నదానికీ అప్పుడు పుట్టినదానికీ మధ్య గీత కంటికి కనిపిస్తుంది. ఆరితేరిన విద్వాంసుల దగ్గర ఆ రెండూ ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి, కొత్తవాళ్లకు తేడా అందదు. విద్యార్థిని కృతి పాడుతున్నంతసేపూ గొంతులో ధీమా ఉంటుంది. స్వరకల్పన మొదలుకాగానే కళ్లు మూసుకుంటుంది, తాళం వేసే చేయి బిగుసుకుంటుంది. వయొలిన్ వాయించే అబ్బాయి ఆమె వైపు చూస్తాడు. స్వరాలు నాలుగైదు ఆవృతాలే, లెక్క తేటగా ఉంటుంది. హాలు చిన్నది కాబట్టి మొదటి వరసలో కూర్చుంటే తాళం వేసే వేళ్లు, మృదంగం ఎడమ మూతకు తడిపిన రవ్వ ముద్ద అద్దడం, తంబురా తీగలు సవరించడం అన్నీ చూడొచ్చు. ఒకే కృతిని ఇద్దరు ముగ్గురు విద్యార్థులు పాడితే మరీ మంచిది. ముగ్గురిలోనూ మారనిది నేర్చుకున్నది, మారినది మనోధర్మం.

ఇలాంటి చోట్లు మనకు చాలానే ఉన్నాయి. విజయనగరంలోని మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. తర్వాతి కాలంలో ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ బాధ్యత చూశారు. పక్కవాద్యంగానే చూస్తున్న వయొలిన్‌తో ఒంటరిగా నిండు కచేరీ చేసి మెప్పించిన మనిషి ఆయన. పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర ఘంటసాల పాఠం చెప్పించుకున్నది విజయనగరంలోనే. ఇవాళ విజయవాడ సంగీత కళాశాలకు ఆ శిష్యుడి పేరే ఉంది. హైదరాబాదులో త్యాగరాజ కళాశాల, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర కళాశాల ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ సంగీత విభాగాలున్నాయి. సంగీతం చదివే విద్యార్థులకు అధ్యాపకుల ముందు కచేరీ చేయడం చాలాచోట్ల చదువులో భాగం. వార్షికోత్సవాలకూ వాగ్గేయకారుల ఉత్సవాలకూ బయటివాళ్లను రానిస్తారు, తరచు టికెట్టు ఉండదు. ఒకసారి వెళ్లి నోటీసు బోర్డు చూసినా, ఆఫీసులో అడిగినా తేదీలు తెలుస్తాయి.

అక్కడ తరచు కనిపించేది తల్లిదండ్రులూ తోటి విద్యార్థులే. నలుగురు కొత్తవాళ్లు వచ్చి తాళం వేస్తూ కూర్చుంటే పాడే పిల్లకు అదెంత బలమో చెప్పలేను. పరీక్షకులకు పాడటం వేరు, వినడానికి వచ్చినవాళ్లకు పాడటం వేరు. అయ్యాక దగ్గరికి వెళ్లి "అమ్మా, ఆ మూడో కృతి ఏ రాగం?" అని అడగండి. సంతోషంగా చెబుతుంది. ఆరోహణ పాడి కూడా వినిపిస్తుంది.

రాగాలు అలా ఒకటొకటిగా పరిచయమవుతాయి, తొందర లేదు. నిజానికి కొన్ని మనకు ముందే తెలుసు. 'మాయాబజార్' (1957)లో వెన్నెల్లో పడవ మీద పాట మోహన. 'జగదేకవీరుని కథ' (1961)లో రాతిని కరిగించే ఘంటసాల పాట దర్బారీ కానడ. మోహనలో ఐదే స్వరాలు కనుక త్వరగా పట్టుబడుతుంది, దానితో మొదలుపెట్టండి.

తెలుగువాళ్లకు మరో గొప్ప వెసులుబాటు ఉంది. త్యాగరాజు (1767–1847) కృతుల్లో ఎక్కువ భాగం, శ్యామశాస్త్రి కృతుల్లో చాలా, క్షేత్రయ్య పదాలు, జావళీలు, వర్ణాల్లో అధిక భాగం తెలుగే. చెన్నైలో తమిళ శ్రోత పుస్తకం చూసి తెలుసుకునే అర్థం మనకు చెవిన పడుతూనే అందుతుంది. నెరవులో అదే వాక్యం పదిసార్లు వచ్చినప్పుడు ఒక్కోసారి వేడుకోలులా, ఒక్కోసారి నిలదీసినట్టు వినిపించడం మాట తెలిసినవాళ్లకే పూర్తిగా దక్కుతుంది. అందుకే మాటల్ని నలిపేసి పాడటం నాకు నచ్చదు. మన కళాశాలలు సాహిత్య ఉచ్చారణ మీద ఇంకా పట్టుదలగా ఉండాలి.

హాలులో పాటించవలసినవి కొన్నే. ఆలాపన సాగుతుండగా లోపలికి రావడం, లేచి పోవడం మానాలి. కృతికీ కృతికీ మధ్య ఆ వీలు ఉంటుంది. ఫోను జేబులోనే ఉండనివ్వండి. తాళం పక్కవాళ్లకు వినిపించకుండా వేసుకోండి.

మొదటిసారి వెళ్లడానికి మంచి రోజు పుష్య బహుళ పంచమి, త్యాగరాజ ఆరాధన. సాధారణంగా జనవరిలో వస్తుంది. తిరువయ్యారులో జరిగినట్టే మన కళాశాలల్లోనూ గానసభల్లోనూ విద్వాంసులు, విద్యార్థులు వరసలుగా కూర్చుని పంచరత్నాలు కలిసి పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనేవి ఆ ఐదింటి రాగాలు. మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. సాహిత్యం ఉన్న చిన్న పుస్తకం ఒకటి వెంట తీసుకెళ్లండి. ఐదూ ఆదితాళమే కాబట్టి, వేళ్ల లెక్క నేర్చుకున్నవాళ్లు ఆ గోష్ఠి పక్కనే కూర్చుని మొదటి కృతి నుంచి చివరిదాకా వాళ్లతో పాటు తాళం వేయవచ్చు.